గుండె మందు పడట్లేదా? ఆపేయకముందు ఏది మార్చుకోవాలో, ఏది ఓర్చుకోవాలో చూడండి

గుంటూరు కొత్తపేటలో ఏ సందులోకి వెళ్లినా ఒక ఆసుపత్రి, దాన్ని ఆనుకుని ఒక మందుల షాపు కనపడతాయి. అలాంటి ఒక షాపులో నేను ఫార్మసిస్టుని. బీపీ వాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు, వాల్వు మార్పించుకున్నవాళ్లు నెలనెలా వచ్చి పోతుంటారు కాబట్టి ఎవరు ఏం వాడుతున్నారో ముఖం చూడగానే గుర్తొస్తుంది. ఎవరైనా కొన్నాళ్లు కనపడకుండా పోయి మళ్లీ వస్తే, ఏమైందండీ అని అడుగుతాను. ఎక్కువమంది జవాబు ఒకటే: "ఆ బిళ్ల నాకు పడలేదమ్మా, ఆపేశా."

పడకపోవడం నిజమే, అందులో అబద్ధం ఏమీ లేదు. రాత్రంతా దగ్గు, సాయంత్రానికి చెప్పులు పట్టనంత కాళ్ల వాపు, మెట్లెక్కితే నీరసం, తొడలు పట్టేయడం, కడుపులో మంట, ఇవన్నీ మనిషిని నలిపేస్తాయి. కానీ మందు పడనప్పుడు మనం రెండు దారులే ఉన్నాయనుకుంటాం, పళ్ల బిగువున భరించడం లేదా ఆపేయడం. మధ్యలో ఇంకా చాలా ఉన్నాయి. వేసుకునే వేళ మార్చుకోవచ్చు, డోసు తగ్గించుకోవచ్చు, అదే పని చేసే వేరే రకానికి మారొచ్చు, కొన్నిచోట్ల తోడుగా ఇంకో మందు చేర్చుకోవచ్చు. ఏ ఇబ్బందికి ఏ దారి మేలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. మార్చేది మీ డాక్టర్ గారే. అయితే మీరు ఏం అడగాలో తెలిసి వెళ్తే, ఓపీలో దొరికే ఆ కాస్త సమయంలో పని అవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒక బిళ్ల ఇబ్బంది తెచ్చిపెడితే, ఆ ఇబ్బందిని అణచడానికి ఇంకో బిళ్ల కొనుక్కోవడం చాలాసార్లు తప్పు దారి. ముందు ఆ మొదటి బిళ్లకి బదులు ఉందా అని అడగాలి. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి వచ్చినచోట చెప్తాను.

ఒకటి మాత్రం ముందుగా. పెదాలు, నాలుక, మొహం ఉబ్బడం. నల్లగా తారులాంటి విరేచనం, రక్తం కక్కుకోవడం. స్పృహ తప్పడం, నాడి 50 కంటే తక్కువ కొట్టుకుంటూ కళ్లు తిరగడం. ఒళ్లంతా విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం కాఫీ రంగులో రావడం. రక్తం పలచబడే మందు వాడుతుండగా ఎప్పుడూ లేనంత తలనొప్పి రావడం, తలకి దెబ్బ తగలడం, ఒక పక్క చెయ్యీ కాలూ లాగేయడం. ఇవి పోలికలు చూసుకుంటూ కూర్చునే విషయాలు కావు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దగ్గు: సిరప్ కొనాలా, బీపీ బిళ్ల మార్చాలా

తెనాలి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన మొన్న కౌంటర్ దగ్గర నిలబడి, "అమ్మాయ్, ఈ సిరప్పూ పనిచేయట్లా, ఇంకేదన్నా గట్టిది ఇవ్వు" అన్నారు. అప్పటికే రెండు రకాల సిరప్‌లు, ఒక కోర్సు యాంటీబయోటిక్ అయిపోయాయి, ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు.

"బాబాయ్ గారూ, దగ్గితే కఫం పడుతోందా?"

"ఎక్కడ పడుతోంది, పొడి దగ్గే. గొంతులో ఒకటే గరగర. పడుకుంటే మరీనూ, మీ పిన్నిక్కూడా నిద్ర ఉండట్లా."

బీపీకి ఏం వాడుతున్నారో చూపించమంటే చొక్కా జేబులోంచి షీటు ముక్క తీశారు. కత్తెరతో కత్తిరించిన ముక్క, పేరు మొదలు పోయింది, మిగిలిన చివరి అక్షరాలు మాత్రం ‘ప్రిల్’. అది రామిప్రిల్.

రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, ఈ కుటుంబమంతా సుమారు పదిమందిలో ఒకరికి పొడి దగ్గు తెస్తుంది. మొదలుపెట్టిన వారానికే రావచ్చు, నెలలు గడిచాక కూడా రావచ్చు, అందుకే చాలామందికి బీపీ బిళ్ల మీద అనుమానమే రాదు. ఇది డోసు తగ్గిస్తే పోయే దగ్గు కాదు, ఓర్చుకుంటే అలవాటయ్యేదీ కాదు, సిరప్‌తో అణిగేది అంతకన్నా కాదు. మందు ఆపితేనే పోతుంది. చాలామందికి 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు కూడా పట్టొచ్చు, కాబట్టి మార్చిన మూడో రోజే "ఇంకా తగ్గలా" అని కంగారు పడొద్దు.

బదులు ఏమిటంటే ‘సార్టాన్’ అని ముగిసే రకం: టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్, వాల్సార్టాన్. బీపీ తగ్గించడంలో, కిడ్నీకి రక్షణ ఇవ్వడంలో రెండు రకాలూ ఇంచుమించు ఒకలాంటివే, దగ్గు మాత్రం వీటిలో చాలా అరుదు. ధర కూడా అడ్డు కాదు, టెల్మిసార్టాన్ జన ఔషధి కేంద్రాల్లో బాగా చౌకగా దొరుకుతుంది. కాబట్టి దగ్గు వస్తే నా సలహా సూటిగా ఇదే: ఓర్చుకోవద్దు, రకం మార్చమని అడగండి.

గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి ఈ మధ్య సాక్యూబిట్రిల్, వాల్సార్టాన్ కలిసిన బిళ్ల రాస్తున్నారు. ‘ప్రిల్’ మందు నుంచి దానికి మారేటప్పుడు మధ్యలో 36 గంటల ఎడం తప్పనిసరి. రెండూ ఒంట్లో కలిస్తే మొహం, నాలుక ఉబ్బే ప్రమాదం ఉంది. పాత రామిప్రిల్ షీటు ఇంట్లో మిగిలి ఉంటే, డబ్బులు పెట్టి కొన్నాం కదా అని దాన్ని అవగొట్టే ప్రయత్నం చేయకండి.

కాళ్ల వాపు: నీటి బిళ్ల దీనికి మందు కాదు

ఆమ్లోడిపిన్ మంచి మందు, చవక, బీపీని గట్టిగా పట్టుకుంటుంది. దాని లోపం చీలమండల దగ్గర వాపు. పొద్దున లేవగానే తక్కువగా ఉండి సాయంత్రానికి పెరుగుతుంది, సాక్సు విప్పితే గీత దిగబడి ఉంటుంది. 5 ఎంజీ వాడేవాళ్ల కంటే 10 ఎంజీ వాడేవాళ్లలో బాగా ఎక్కువ, ఆడవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ.

ఇక్కడే నేను పైన చెప్పిన తప్పు దారి స్పష్టంగా కనపడుతుంది. కాళ్లు వాచాయి కాబట్టి నీరు పట్టింది, నీరు పట్టింది కాబట్టి నీటి బిళ్ల అని ఫ్యూరోసెమైడ్ మొదలవుతుంది. ఆ బిళ్లతో పొటాషియం పడిపోయి కాళ్లు పట్టేస్తాయి, దానికి పొటాషియం సిరప్. ఒక్క బిళ్లతో మొదలైంది మూడు మందులవుతుంది, వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ఈ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు. ఆమ్లోడిపిన్ సన్న ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలు మాత్రం అంతగా సడలవు, ఆ ఒత్తిడికి నీరు రక్తనాళం గోడలోంచి కండలోకి ఊరుతుంది. మూత్రం ఎక్కువ పోయినంత మాత్రాన అది తగ్గదు.

మరి ఏది మేలు? 10 ఎంజీ వాడుతుంటే 5కి తగ్గించి, పక్కన టెల్మిసార్టాన్ చేర్చడం మొదటి దారి. ఇది నేను చెప్పిన మినహాయింపుల్లో ఒకటి, ఇక్కడ రెండో మందు నిజంగానే పనికొస్తుంది, ఎందుకంటే సార్టాన్‌లు సిరల వైపు కూడా వెడల్పు చేసి ఆ ఒత్తిడిని తగ్గిస్తాయి. రెండూ కలిసిన బిళ్ల ఒకటే వస్తుంది కాబట్టి లెక్క పెరగదు. రెండో దారి సిల్నిడిపిన్‌కి మారడం. అదే జాతి మందే గానీ వాపు బాగా తక్కువ, ధర కొంచెం ఎక్కువ. మూడోది, వాపు కొంచెమే ఉండి, చూడ్డానికి తప్ప వేరే ఇబ్బంది లేకపోతే, కూర్చున్నప్పుడు కాళ్లు ఎత్తి పెట్టుకుంటూ అలాగే కొనసాగించడం. బీపీ చక్కగా అదుపులో ఉన్నవాళ్లకి ఇది కూడా తెలివైన ఎంపికే.

అయితే రెండు కాళ్లూ సమానంగా వాస్తేనే ఈ లెక్క. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వాపుతో పాటు వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా, నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా గుండెని చూపించుకోవాలి. అప్పుడు నీటి బిళ్ల నిజంగా అవసరం కావచ్చు.

ఇంకొక సంగతి కూడా చూసుకోండి. రెండు పేర్లతో రెండు షీట్లు వాడుతున్న ఇళ్లలో ఒక్కోసారి రెండింట్లోనూ ఆమ్లోడిపిన్ ఉంటుంది. ఒక డాక్టర్ విడి బిళ్ల రాశారు, ఇంకో డాక్టర్ కలిసిన బిళ్ల రాశారు. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మందు పేరు దాని కింద చిన్నగా ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే చదవాలి.

నీరసం, చల్లటి చేతులు: ‘లాల్’ అని ముగిసే మందులు

మెటోప్రోలాల్, బిసోప్రోలాల్, అటెనోలాల్, కార్వెడిలాల్, నెబివోలాల్. ఇవి నాడి వేగం తగ్గిస్తాయి. అలసట, చేతులు చల్లబడటం, కొందరికి పీడకలలు, మగవాళ్లలో కొందరికి దాంపత్యంలో ఇబ్బంది వస్తాయి. అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది, వీటిని హఠాత్తుగా ఆపకూడదు. ఒక్కసారిగా ఆపితే గుండె దడదడలాడి, ఛాతీ నొప్పి తిరగబెట్టి, గుండెపోటు దాకా పోవచ్చు. తగ్గించాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెట్లు మెట్లుగా తగ్గించాలి.

ఇక్కడ ఎంపిక అంతా మీకు ఆ మందు ఎందుకు రాశారన్న దాని మీద ఉంటుంది. వట్టి బీపీకే రాసి ఉంటే వేరే రకాలు బోలెడు ఉన్నాయి, నీరసం బాధిస్తుంటే మార్చమని ధైర్యంగా అడగొచ్చు. గుండె పంపింగ్ తగ్గినందుకు రాసి ఉంటే అది ప్రాణం నిలబెట్టే మందు, అప్పుడు మొదటి కొన్ని వారాల నీరసం ఓర్చుకోవడమే మంచిది, చాలామందికి ఒళ్లు సర్దుకుంటుంది. గుండెపోటు వచ్చి ఏళ్లు గడిచి, పంపింగ్ మామూలుగా ఉన్నవాళ్ల సంగతి మధ్యస్థం. 2024లో వచ్చిన రెడ్యూస్-ఏఎంఐ అధ్యయనంలో, పంపింగ్ మామూలుగా ఉన్నవాళ్లకి గుండెపోటు వచ్చిన కొద్ది రోజులకే ఈ మందు మొదలుపెట్టి చూస్తే పెద్ద లాభం కనపడలేదు, అదే ఏడాది వచ్చిన అబిస్ అధ్యయనం మాత్రం కొన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు మానేస్తే ఇబ్బంది లేదని తేల్చలేకపోయింది. కాబట్టి కొత్త ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు పట్టుకెళ్లి "నాకింకా ఇది అవసరమా సార్" అని అడగండి, మీరే ఆపేయకండి.

ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ప్రొప్రానొలాల్, కార్వెడిలాల్ వాళ్లకి పడవు, బిసోప్రోలాల్, నెబివోలాల్ లాంటివి కాస్త నయం. షుగర్ వాళ్లకి ఇంకో జాగ్రత్త: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, దడ ఈ మందుల వల్ల తెలియవు, చెమట మాత్రం పడుతుంది. చెమట పట్టగానే గ్లూకోమీటర్ తీయండి.

మగవాళ్ల ఇబ్బంది గురించి ఎవరూ నోరు విప్పరు. కౌంటర్ దగ్గర ఎవరూ లేనప్పుడు వచ్చి సిల్డెనాఫిల్ ఇవ్వమని అడుగుతారు. దయచేసి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గానీ, ఇంకే నైట్రేట్ మందు గానీ వాడేవాళ్లు సిల్డెనాఫిల్, టడలాఫిల్ వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్ ఇవ్వకూడదు, ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగితే సిగ్గుపడకుండా చెప్పాలి. డాక్టర్‌కి ఒక్క మాట చెప్తే నెబివోలాల్ లాంటి, ఆ ఇబ్బంది తక్కువ ఉన్న మందుకి మార్చే వీలుంది. ఇందులో మొహమాటపడటానికి ఏమీ లేదు, వాళ్లకిది రోజూ వినే మాటే.

స్టాటిన్, ఒళ్లు నొప్పులు

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మీద ఉన్నంత చెడ్డపేరు ఇంకే మందు మీదా లేదు. "కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకుంటే కండలు కరిగిపోతాయంట" అని వాట్సాప్‌లో చదివి ఆపేసినవాళ్లు మా దగ్గర చాలామంది. ఇక్కడ నా సలహా దగ్గు విషయంలో చెప్పినదానికి తలకిందులు: తొందరపడి మార్చకండి, ముందు తేల్చుకోండి.

2020లో సామ్సన్ అనే అధ్యయనం వచ్చింది. ఇబ్బందుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాది పాటు కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ల, కొన్ని నెలలు ఏమీ లేకుండా. బిళ్ల లేని నెలల్లో ఇబ్బంది తక్కువ. కానీ అసలు మందు వేసుకున్న నెలల్లో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం ఉత్తుత్తి బిళ్లతో కూడా వచ్చింది. నొప్పి అబద్ధం అని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, ఆ మందు లోపలి పదార్థం వల్ల వచ్చింది మాత్రం కొంచెమే. ఫలితాలు చూసుకున్నాక వాళ్లలో సగంమంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

మరి మీ నొప్పి ఏ రకమో ఎలా తెలుస్తుంది? స్టాటిన్ నొప్పి సాధారణంగా రెండు పక్కలా ఉంటుంది, తొడలు, పిరుదులు, భుజాలు, మందు మొదలెట్టిన లేదా డోసు పెంచిన కొన్ని వారాల్లో వస్తుంది. ఒక్క మోకాలే నొప్పి పుట్టి, అదీ మెట్లెక్కితేనే వస్తే అది మోకీలు అరుగుదల కావచ్చు. సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే రక్తపరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తక్కువైనా అచ్చం ఇలాగే కండలు నొప్పి పెడతాయి, దాన్ని సరిచేస్తే స్టాటిన్ హాయిగా పడుతుంది.

నిజంగా స్టాటిన్ వల్లే అని తేలితే అప్పుడు దారులు ఇలా. డాక్టర్ చెప్పినట్టు 2 నుంచి 4 వారాలు ఆపి, నొప్పి పోయాక తక్కువ డోసుతో గానీ వేరే స్టాటిన్‌తో గానీ మళ్లీ మొదలుపెట్టడం అన్నిటికంటే మంచిది. రోసువాస్టాటిన్ ఆసియా వాళ్లలో రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది, అందుకే మొదలు 5 ఎంజీ సరిపోవచ్చు. అదీ పడకపోతే రోజు విడిచి రోజు. అప్పటికీ కొలెస్ట్రాల్ దిగకపోతే ఎజెటిమైబ్ 10 ఎంజీ తోడు. ఏ స్టాటినూ ససేమిరా పడనివాళ్లకి బెంపెడోయిక్ యాసిడ్ ఉంది, అది కండరాల్లో పనిచేసే రూపంలోకి మారదు కాబట్టి కండరాల నొప్పి తక్కువ, యూరిక్ యాసిడ్ మాత్రం పెంచుతుంది, గౌట్ ఉంటే చెప్పాలి. వెల్లుల్లి రసాలు, కషాయాలు స్టాటిన్‌కి బదులు కావు, ముఖ్యంగా స్టెంటు పడినవాళ్లకి.

రాత్రే వేసుకోవాలా అని అడుగుతారు. అటోర్వా, రోసువా ఏ వేళైనా ఒకటే. పంపరపనస మాత్రం అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లు వదిలేయడం మేలు, అది గ్రేప్‌ఫ్రూట్‌కి దగ్గరి చుట్టం, ఒంట్లో మందు మోతాదు పెంచేయగలదు. గొంతు నొప్పికో జ్వరానికో క్లారిత్రోమైసిన్ రాస్తే కూడా, స్టాటిన్ వాడుతున్నామని చెప్పండి.

స్టెంటు పడినవాళ్ల మందులు: ఇక్కడ ‘ఆపడం’ అన్న మాటే లేదు

యాస్పిరిన్‌కి తోడు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ప్రాసుగ్రెల్ గానీ ఉంటుంది. గుండెపోటుకి స్టెంటు వేస్తే మామూలుగా ఏడాది పాటు రెండూ. కడుపు మంట అని, ఒంటి మీద కమిలిన మచ్చలు వస్తున్నాయని, పన్ను పీకించుకోవాలని వీటిని సొంతంగా ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి మనిషి చేతికి దక్కకపోవచ్చు. పన్ను పీకడం చాలావరకు ఇవి ఆపకుండానే చేస్తారు, దంతాల డాక్టర్ని గుండె డాక్టర్తో ఫోన్లో మాట్లాడమనండి.

కడుపు మంటకి ఇంకో బిళ్ల చేర్చడం ఇక్కడ సరైనదే, ఇది రెండో మినహాయింపు. అయితే ఏ గ్యాస్ బిళ్ల అన్నది చూడాలి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తాయి. పాంటాప్రజోల్‌తో ఆ బెడద చాలా తక్కువ. చీటీ లేకుండా "ఏదో ఒక గ్యాస్ బిళ్ల ఇవ్వమ్మా" అని అడిగేవాళ్లకి నేను ముందు వేసే ప్రశ్న ఇదే, స్టెంటు ఉందా అని.

టికాగ్రెలార్‌కి ఒక వింత ఇబ్బంది ఉంది: ఆయాసం. 2009 నాటి ప్లేటో అధ్యయనంలో సుమారు 14 శాతం మందికి వచ్చింది, క్లోపిడోగ్రెల్ వాడినవాళ్లలో అది 8 శాతం లోపే. గాలి చాలనట్టు, లోతుగా ఊపిరి తీయాలన్నట్టు ఉంటుంది, ఊపిరితిత్తులకి మాత్రం హాని ఉండదు. కొద్దిగా ఉంటే చాలామందికి కొన్నాళ్లలో సర్దుకుంటుంది. గుండెపోటు వచ్చిన మనిషికి ఆయాసం వస్తే ఇంట్లోవాళ్లకి ఎంత టెన్షనో నాకు తెలుసు, కాబట్టి ముందు అది గుండె వల్ల కాదని ఈసీజీ, ఎకోతో తేల్చుకోండి. తర్వాత ఓర్చుకోలేకపోతే క్లోపిడోగ్రెల్‌కి మారొచ్చు, రోజుకి రెండుసార్లు బదులు ఒక్కసారే వేసుకునే సౌకర్యం కూడా ఉంది. ప్రాసుగ్రెల్ బలమైనదే, కానీ ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లకి ఇవ్వకూడదు, 75 దాటినవాళ్లకి, 60 కిలోల లోపు ఉన్నవాళ్లకి జాగ్రత్త. ఈ మార్పిడిలో మొదటి రోజు ఎక్కువ డోసు పడాల్సి రావచ్చు, అందుకే షాపులో మార్పించుకునేది కాదు ఇది.

వాల్వు వాళ్లు, దడ వాళ్లు: ఎసిట్రోమా, కొత్త మందులా

రక్తం పలచబడటానికి పాత మందులైన ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ల విసుగు నేను అర్థం చేసుకోగలను. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాటిమాటికీ, తిండి మీద అనుమానం. కొత్త మందులైన అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్ వాడితే ఆ పరీక్షలు అక్కర్లేదు, మెదడులో రక్తస్రావం ముప్పు కూడా తక్కువ. మామూలు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే దడ) అయితే కొత్తవాటికే నా ఓటు. కడుపు మంట ఎక్కువ ఉన్నవాళ్లకి డాబిగాట్రాన్ అంత నప్పదు, రివరోక్సబాన్ 15, 20 ఎంజీ అన్నంతోనే వేసుకోవాలి, అపిక్సబాన్ రెండు పూటలా మర్చిపోకుండా వేసుకోగలిగినవాళ్లకి బాగుంటుంది.

కానీ లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకి ఎంపిక లేదు, ఎసిట్రోమ్ లేదా వార్ఫరినే. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల మైట్రల్ వాల్వు బాగా సన్నబడినవాళ్లకి కూడా అంతే. 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనంలో ఆ జ్వరం వల్ల వచ్చే రుమాటిక్ గుండె జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రెండూ ఉన్న రోగుల్లో పాత మందు వాడినవాళ్లే ఎక్కువమంది బతికారు, అందులో మన దేశం రోగులు కూడా ఉన్నారు.

గోంగూర, తోటకూర, మునగాకు మానేయాలా? మానక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఆకుకూర తినే ఇల్లైతే ప్రతివారం అలాగే తినండి, ఒక వారం రోజూ తిని తర్వాత నెల రోజులు ముట్టకుండా ఉంటేనే ఐఎన్ఆర్ అటూ ఇటూ ఊగుతుంది. కంపెనీ మార్చాల్సి వస్తే, మార్చిన వారంలో ఒకసారి ఐఎన్ఆర్ చేయించుకోండి.

నీటి బిళ్లలు, మన ఎండలు

బెజవాడ, గుంటూరు మే నెల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చలికాలంలో సరిగ్గా సరిపోయిన బీపీ మందులు, నీటి బిళ్లలు ఎండాకాలంలో ఎక్కువైపోవచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, పెద్దవాళ్లు అయోమయంగా మాట్లాడటం, నడకలో తూలడం కనపడితే వయసు అనుకోకండి, సోడియం పడిపోయి ఉండొచ్చు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్, ఇండపమైడ్ లాంటి నీటి బిళ్లలు వాడే పెద్దవాళ్లలో ఇది మామూలే. రక్తపరీక్ష చేయించి డోసు సరిచేయించండి.

కొబ్బరి బోండాం మంచిదే, కానీ స్పైరోనోలాక్టోన్ (పొటాషియాన్ని ఒంట్లో నిలిపే నీటి బిళ్ల), టెల్మిసార్టాన్ రెండూ వాడుతూ కిడ్నీ కాస్త బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ తాగితే పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. బీపీకి మంచిదని అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పుల్లో కూడా పొటాషియమే ఉంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో నీటి బిళ్ల, సార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌కీ గుండెకీ రాసే బిళ్ల) వేసుకోవాలా వద్దా అని అదే రోజు ఫోన్ చేసి కనుక్కోండి. స్పైరోనోలాక్టోన్‌తో మగవాళ్లకి రొమ్ముల్లో నొప్పి, వాపు వస్తే ఎప్లెరినోన్‌కి మారొచ్చు, ధర ఎక్కువ, ఆ ఇబ్బంది మాత్రం చాలా తక్కువ.

బస్సు ప్రయాణం ఉందని నీటి బిళ్ల ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. ఎగ్గొట్టే బదులు ఆ రోజు ఇంటికి చేరాక వేసుకోవచ్చేమో డాక్టర్ని ఒకసారి అడిగిపెట్టుకోండి. మామూలు రోజుల్లో పొద్దునే మేలు, సాయంత్రం దాటాక వేసుకుంటే రాత్రి నిద్ర ఉండదు. బీపీ బిళ్లలకి మాత్రం వేళ అంత పట్టింపు కాదు. 2022లో 21 వేలమంది మీద చేసిన టైమ్ అధ్యయనంలో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోట్లలో, పక్షవాతాల్లో తేడా రాలేదు. పొద్దున వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయనుకునేవాళ్లు రాత్రికి మార్చి చూడొచ్చు, రాత్రి బాత్రూంకి లేచేటప్పుడు తూలేవాళ్లు పొద్దునకి మార్చుకోవచ్చు.

సార్బిట్రేట్ తలనొప్పి గురించి రెండు ముక్కలు. అది మందు పనిచేస్తోందన్న గుర్తే, రోజూ నైట్రేట్ వాడేవాళ్లకి వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది, పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునేటప్పుడు కూర్చోండి, 5 నిమిషాల్లో నొప్పి పోకపోతే 108.

ఇక నొప్పుల బిళ్లలు. మోకాళ్లకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడగని రోజు ఉండదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇవి మంచివి కావు, సార్టాన్‌తోనూ నీటి బిళ్లతోనూ కలిస్తే కిడ్నీ మీద మూడు దెబ్బలు ఒకేసారి పడతాయి. బదులు పారాసెటమాల్, కాపడం, మోకాలు బలపడే వ్యాయామం.

డాక్టర్ దగ్గర ఎలా అడగాలి

"పడట్లేదు సార్" అంటే వాళ్లకి ఏమీ తెలియదు. ఏ బిళ్ల, ఎప్పటినుంచి, ఏ వేళకి ఇబ్బంది ఎక్కువ, ఒక పూట మర్చిపోతే తగ్గిందా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. వారం రోజుల బీపీ, నాడి అంకెలు కూడా. ఇంట్లో ఉన్న షీట్లన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. షీటు కత్తిరించి ఇస్తుంటే పేరూ ఎంజీ ఉన్న ముక్క మీకే ఇమ్మనండి. ఆ తర్వాత సూటిగా అడగండి: "ఈ మందు నాకు దేనికోసం రాశారు సార్? దీనికి బదులు ఇంకో రకం ఉందా? డోసు తగ్గించి చూడొచ్చా?"

ఓపీ తారీఖు దూరంగా ఉంటే ఆసుపత్రికి ఫోన్ చేయండి. లేదా గుంటూరు జీజీహెచ్‌కో మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లి చూపించుకోండి, అందాకా మాత్రం మందు ఆపొద్దు. మందు వల్ల వచ్చిన ఇబ్బందిని ప్రభుత్వానికి తెలియజేయడానికి ఫార్మకోవిజిలెన్స్ వాళ్ల ఉచిత నంబర్ 1800-180-3024 ఉంది, రోగులు కూడా నేరుగా చేయొచ్చు. ఫోన్ చేసేటప్పుడు షీటు చేతిలో పెట్టుకోండి, బ్యాచ్ నంబర్ అడుగుతారు.